ఆపరేటరు తాత హాల్లోకొచ్చాడు

ఈ వారం మీకు స్టూడియో కబుర్లేవీ చెప్పబోవడం లేదు. ఏ హీరో కాల్షీట్ల గొడవా లేదు, ఏ హీరోయిన్ పెళ్ళి పుకారూ లేదు. పోయిన ఆదివారం సోమలలో మా ఇంటి హాల్లో ఒక చిత్రం విడుదలైంది. నిడివి మూడు గంటలు. ప్రేక్షకులు పదకొండు మంది, అందులో ఇద్దరు చంటిపిల్లలు. పోస్టరు లేదు, పబ్లిసిటీ లేదు. అయినా నా ముప్ఫై ఏడేళ్ళ జీవితంలో ఏ మొదటి ఆటకీ నేనంత కంగారు పడలేదు. ఎందుకో వినండి.

సోమల ఎక్కడుందని అడిగే పాఠకుల కోసం: మదనపల్లె నుంచి పుంగనూరు దాటి వస్తే, కొండల పక్కన టమోటా తోటలూ మామిడి తోపులూ ఉన్న మా ఊరు తగులుతుంది. మా తాత ఈ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగిన టూరింగ్ టాకీస్‌లో ప్రొజెక్టర్ ఆపరేటరు. డేరా హాలన్న మాట! ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట రికార్డు పెట్టగానే ఊరంతా చాపలు చంకన పెట్టుకుని బయల్దేరేది. కార్బన్ కడ్డీలు రెండూ దగ్గరికి జరిపితే భగ్గున మండే వెలుగుతో బొమ్మ తెర మీద పడేది. ఉన్నది ఒకే ప్రొజెక్టరు. రెండు వేల అడుగుల రీలు సుమారు ఇరవై రెండు నిమిషాలు ఆడుతుంది. అది కాగానే లైట్లు వెలిగేవి, సోడాలవాడు కేకేసేవాడు, తాత రీలు మార్చేవాడు. ఇవాళ మీరు బఫరింగ్ అని విసుక్కునేదాన్ని ఆ రోజుల్లో రీలు మార్చడం అని సరదాపడేవారు!

మా అవ్వ ప్రతి సినిమాకీ వెళ్ళేది. ఆపరేటరు పెళ్ళాం కాబట్టి టిక్కెట్టు లేదు. ఇప్పటికీ ఆమె నవ్వుతూ చెప్పే మాట ఒకటుంది.

"ఒకే డేరాలో ఎన్ని సినిమాలు చూసినామో లెక్కే లేదురా. ఒక్కటన్నా పక్కపక్కన కూచోని చూడలా. ఆయన ఎనక, నేను ముందర."

తాత 1998లో పోయాడు. ఊరందరికీ బొమ్మ చూపించిన మనిషికి తన బొమ్మంటూ మిగిలింది ఒక్క గ్రూపు ఫొటో. కదిలే బొమ్మ కావాలంటే ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టు: 1992లో మా మేనత్త పెళ్ళికి తీసిన వీడియో. ఆ క్యాసెట్టు అటక మీద ట్రంకు పెట్టెలో, పెళ్ళినాటి పట్టుపంచె పక్కన పడుకుని ఉంది. దాన్ని ఆడించే వీసీఆర్ మా ఇంట్లో చెడిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. కొత్తది కొందామంటే ఎక్కడ దొరుకుతుంది? ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో తయారీ ఆపేసింది.

ఇన్నేళ్ళూ ఎవరికీ తొందర లేదు. తొందర అవ్వ కళ్ళతో వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో మసకబారింది. రెండోదానికి ఈ బుధవారం మదనపల్లెలో ఆపరేషన్ పెట్టారు. "భయం లేదు, అయితే గ్యారంటీ కూడా చెప్పలేం" అన్నారు డాక్టరు గారు. అవ్వ ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, నాకు ఫోన్ చేయించింది.

"నాయనా, ఆ క్యాసెట్టు ఆపరేషన్‌కి ముందే చూపీరా. ఆమీట కనపడతాదో లేదో."

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కాను.

మదనపల్లెలో ఒక పాత ఫొటో స్టూడియోలో ఇంకా పనిచేసే వీసీఆర్ ఉంది. ఆ పెద్దాయన క్యాసెట్టు మూత ఎత్తి చూసి పెదవి విరిచాడు. టేపు అంచున తెల్లటి బూజు! అలాగే ఆడిస్తే టేపు తెగుతుంది, వీసీఆర్ హెడ్డు కూడా పాడవుతుంది. ఒక పూటంతా కూర్చుని ఓపిగ్గా తుడిచాడు. ఆ తర్వాత వీసీఆర్ వెనక పసుపుపచ్చ, తెలుపు, ఎరుపు తీగలు తగిలించి, చిన్న క్యాప్చర్ పెట్టె ద్వారా కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇక్కడ తొందర పనికిరాదు సుమండీ! మూడు గంటల టేపు కంప్యూటర్లోకి ఎక్కడానికి మూడు గంటలే పడుతుంది. నిమిషానికి నిమిషం, అచ్చం సినిమా ఆడినట్టే. చివరికి ఎనిమిది జీబీల ఫైలు చేతికిచ్చాడు.

దాన్ని శనివారం రాత్రికి మా మిద్దె మీది గదిలో ఉన్న కంప్యూటర్లో పెట్టాను. కరోనా రోజుల్లో మా అన్న కొడుకు ఆన్‌లైన్ క్లాసులకని కొన్న కంప్యూటరది. బొమ్మ చక్కగా వచ్చింది. కానీ అవ్వ మెట్లెక్కలేదు. ఎక్కినా ఆ పద్దెనిమిది అంగుళాల తెర ఆమె కంటికి ఆనదు. కింద హాల్లో, సరిగ్గా అవ్వ మంచానికి ఎదురుగా, నలభై మూడు అంగుళాల టీవీ ఉంది. చిత్రం పైన, ప్రేక్షకురాలు కింద. మధ్యలో పద్నాలుగు మెట్లు!

"పెన్‌డ్రైవ్‌లో వేసి గుచ్చొచ్చుగా?" అంటారు మీరు. మా అన్న కొడుకూ అదే అన్నాడు. వాడు ఇంటర్ రెండో సంవత్సరం, ఇలాంటివి వాడికి మంచినీళ్ళ ప్రాయం. వేశాం. కాపీ కాలేదు. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఉంటాయి. అందులో నాలుగు జీబీలకు మించిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. పద్ధతి మార్చి వేస్తే మా టీవీ ఆ పెన్‌డ్రైవ్‌ను గుర్తుపట్టనంది. మరి హెచ్‌డీఎంఐ తీగ? పై గది నుంచి కింది హాలు దాకా లాగాలంటే గోడకి కన్నం వేయాలి. మా నాయన ఒప్పుకోడు.

మిగిలింది ఒకటే దారి: కంప్యూటర్లోనే ఫైలు ఉంచి, ఇంట్లో గాలిలోంచే టీవీకి పంపడం. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. మీరు రోజూ ఓటీటీలో చూసేది కూడా ఇదే. తేడా ఏమిటంటే అక్కడ ఫైలు ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్లలో ఉంటుంది, ఇక్కడ మన మిద్దె మీదే ఉంటుంది.

ఇదెలా పనిచేస్తుందో మా తాత భాషలో చెబుతాను. మీకు ఇట్టే అర్థమవుతుంది. కంప్యూటర్ అంటే ఆపరేటర్ క్యాబిన్. ఫైలు అంటే రీలు. టీవీ అంటే తెర. ఇంట్లో మిణుకు మిణుకుమంటూ ఉండే రౌటరు పెట్టె, క్యాబిన్ గోడకున్న చిన్న కిటికీ. ఆ కిటికీలోంచే వెలుగు హాల్లోకి వస్తుంది. క్యాబిన్‌కీ తెరకీ ముందు పరిచయం ఉండాలి కదా? అందుకే 2003లో సోనీ, ఇంటెల్ లాంటి కంపెనీలు కలిసి డీఎల్‌ఎన్‌ఏ అనే ఒప్పందం రాసుకున్నాయి. ఏ కంపెనీ టీవీ అయినా, ఏ కంపెనీ కంప్యూటర్ అయినా ఒకే భాషలో పలకరించుకోవాలన్నది దాని సారాంశం. ఆ సంఘం 2017లో మూతపడింది గానీ, ఆ భాష తెలిసిన టీవీలు ఇప్పటికీ లక్షల ఇళ్ళలో ఉన్నాయి. మీ టీవీలో మీడియా ప్లేయర్ తెరిస్తే యూఎస్‌బీ పక్కన కంప్యూటర్ పేరు కనపడే చోటు అదే.

ఫోను తెరను యథాతథంగా టీవీ మీద చూపించే మిర్రరింగ్ వేరు, ఇది వేరు. మిర్రరింగ్‌లో ఫోను ప్రతి బొమ్మనీ మళ్ళీ కొత్తగా కట్టి పంపాలి. ఫోను వేడెక్కుతుంది, బొమ్మ తడబడుతుంది. దీనిలో రీలే తెర దగ్గరికి కొంచెం కొంచెంగా పోతుంది, విప్పి చూపించే పని టీవీ చేసుకుంటుంది.

సరే, ఆదివారం ఉదయానికి వద్దాం. పదిన్నరకి ఆట అని చెప్పేశాం. మేనత్త, మామ పుంగనూరు నుంచి దిగారు. పక్కింటివాళ్ళు వచ్చారు. అవ్వ తల దువ్వుకుని, జరీ అంచు చీర కట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని మంచం మీద కూర్చుంది. అంతలో మా అన్న కొడుకు మెట్ల మీంచి దబదబా దిగి వచ్చాడు.

"చిన్నాయనా! నెట్ పాయె. రోడ్డు పక్కన కాలవ తవ్వతా జేసీబీ తీగ తెంపేసిందంట. రేపటి దాకా రాదంటా ఉండారు. ఇంకేం సినిమా!"

హాలంతా ఉస్సురంది. మేనత్త బ్యాగు సర్దుకోబోయింది. పాఠకులారా, ఈ కాలమ్ అంతా నేను రాస్తున్నది ఇక్కడ చెప్పబోయే ఒక్క ముక్క కోసమే. జాగ్రత్తగా చదవండి.

ఇంట్లోని కంప్యూటర్ నుంచి ఇంట్లోని టీవీకి బొమ్మ పోవడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు!

రౌటరు రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఇంటిని బయట ప్రపంచంతో కలపడం. రెండు, ఇంట్లోని యంత్రాలను ఒకదానితో ఒకటి కలపడం. వీధిలో తీగ తెగితే మొదటిది ఆగుతుంది. రెండోదానికి కరెంటు ఉంటే చాలు. రౌటరు మీద ఎర్రదీపం వెలిగినా ఫరవాలేదు. ఊరికి బస్సు రాకపోతే వంటింట్లోంచి హాల్లోకి కాఫీ రావడం ఆగుతుందా? ఇదీ అంతే. ఇంకో మాట, ఇలా చూసే సినిమాకి మీ డేటా ప్యాకులోంచి ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. రోజుకు ఒకటిన్నర జీబీతో సరిపెట్టుకునే మిత్రులు ఈ వాక్యం కింద గీత గీసుకోండి. (టీవీకి తగిలించే కొన్ని స్ట్రీమింగ్ పెట్టెలు మాత్రం మొదటిసారి అమర్చుకునేటప్పుడు నెట్ అడుగుతాయి. ఆ పని ముందే కానివ్వాలి.)

ఈ సంగతి చెబితే మా వాడు నమ్మలేదు. పైకెళ్ళి చూశాం. నిజంగానే టీవీలో కంప్యూటర్ పేరు కనపడలేదు. "చూడు చిన్నాయనా, నేను చెప్పలా!" అన్నాడు. తప్పు నెట్‌ది కాదు. కొత్త నెట్‌వర్క్‌కి కలిపినప్పుడు విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఇది పబ్లిక్ నెట్‌వర్కా, ప్రైవేటా అని. మావాడు ఎప్పుడో పబ్లిక్ అని నొక్కేశాడు. అంటే కంప్యూటర్ తాను బస్టాండులో ఉన్నాననుకుని, ఎవరికీ కనపడకుండా ముసుగేసుకుని కూర్చుంది! ప్రైవేట్ అని మార్చి, మీడియా స్ట్రీమింగ్ ఆన్ చేశాం. కింద టీవీలో కంప్యూటర్ పేరు టక్కున వచ్చింది. హాల్లోంచి ఈల కూడా వినపడింది. మా మామ వేశాడు.

వైఫై ఇంత పెద్ద ఫైలుని మోయగలదా అన్న అనుమానం మీకు రావచ్చు. లెక్క చూద్దాం. ఎనిమిది జీబీలంటే అరవై నాలుగు వేల మెగాబిట్లు. మూడు గంటలంటే పది వేల ఎనిమిది వందల సెకన్లు. సెకనుకి ఆరు మెగాబిట్లు పోతే చాలు. ఒక గోడ అడ్డమున్నా మామూలు రౌటరు ఈ బరువు మోస్తుంది. అరవై జీబీల 4కె సినిమా రెండున్నర గంటలంటే మాత్రం సెకనుకి యాభైకి పైనే కావాలి. అప్పుడు కంప్యూటర్‌ని రౌటరుకి తీగతో కలిపితే మేలు. మేమూ అదే చేశాం.

ఆట మొదలైంది. రంగులు కాస్త వెలిసినా బొమ్మ వచ్చింది. పందిరి, అరటి స్తంభాలు, మేళగాళ్ళు... కానీ శబ్దం లేదు! టాకీ కాస్తా మూకీ అయిపోయింది. మేనత్త "ఫరవాలేదులే, బొమ్మ చూస్తే చాల్దా" అంది. అవ్వ మాత్రం ఏమీ అనలేదు. టీవీ వైపు చెవి తిప్పి కూర్చుంది.

ఇది చాలా ఇళ్ళలో వచ్చే చిక్కే. బొమ్మని కట్టే పద్ధతి వేరు, ధ్వనిని కట్టే పద్ధతి వేరు. వీటినే కోడెక్‌లంటారు. మా ఫైల్లో ధ్వని డాల్బీ రకంలో ఉంది. మా టీవీ మీడియా ప్లేయర్‌కి ఆ భాష రాదు. జెల్లీఫిన్ లాంటి ఉచిత సర్వర్ ప్రోగ్రాములుంటే అవి దుబాసీల్లా ఎప్పటికప్పుడు మార్చి టీవీకి అందిస్తాయి. కానీ దాన్ని దించుకుందామంటే నెట్ లేదు! నిజంగా నెట్ లేని లోటు తెలిసింది ఇక్కడే. అదృష్టం బాగుండి కంప్యూటర్లో వీఎల్‌సీ ఉంది. 1996లో ప్యారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు తమ హాస్టల్ నెట్‌వర్క్‌లో వీడియోలు చూసుకోవడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టే ఈ వీఎల్‌సీ. అంటే అదీ పుట్టింది ఇలాంటి పనికే! అందులో 'కన్వర్ట్' అన్నది తీసి, బొమ్మని ముట్టుకోకుండా ధ్వనిని మాత్రం మా టీవీకి తెలిసిన రకంలోకి మార్చమన్నాం. ఈలోగా కింద ఇంటర్వెల్ ప్రకటించాం. మా వదిన అందరికీ మజ్జిగ పోసింది. "మీ తాత రీలు మార్చేటప్పుడూ ఇట్లే ఉండేది" అంది అవ్వ. ఆ పొద్దున ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

రెండో ఆటకి శబ్దం వచ్చింది. అయితే మీలో పాత పెళ్ళి వీడియోలు చూసినవాళ్ళకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఆ రోజుల్లో వీడియో వాళ్ళు మాటలన్నీ తీసేసి, మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు అంటించేవారు. తాళి కట్టినా పాటే, అన్నం వడ్డించినా పాటే. తాత నాలుగు చోట్ల కనపడ్డాడు. నాలుగు చోట్లా పెదవులు కదిలాయి, మాట మాత్రం ఎవరో గాయకుడిది. అవ్వ ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

రెండు గంటలు దాటాక, భోజనాల బంతి దగ్గర, అంటించిన పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలయ్యే లోపు అర నిమిషం అసలు శబ్దం మిగిలిపోయింది. గిన్నెల చప్పుడు, పిల్లల ఏడుపు (అందులో రంగు సోడా కోసం ఏడుస్తున్నది నేనే!), ఆ వెనకే బొంగురుగా ఒక గొంతు. తాత కెమెరా వైపే చూస్తూ, లైటు పట్టుకున్న కుర్రాడిని కోప్పడుతున్నాడు.

"లైటు మొగాన కొట్టొద్దురా అబ్బోడా! పక్కన పట్టు. బొమ్మ తెల్లగా ఎలిసిపోతాది."

ఆపరేటరు కదా! కూతురి పెళ్ళిలోనూ వెలుగు సంగతే పట్టింది.

"ఆపు" అంది అవ్వ. మావాడు ఆపాడు. "ఎనక్కి తిప్పు." తిప్పాడు. ఐదుసార్లు తిప్పించింది. ఫైలు కాబట్టి ఎన్నిసార్లు తిప్పినా అరగదు. టేపయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఐదోసారి అయ్యాక అవ్వ కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"ఎప్పుడూ ఎనకే ఉంటా ఉన్న్యాడు. ఈపొద్దు ముందరికొచ్చినాడు" అంది.

ఇంతే కథ. ఇక మీతో నాలుగు మాటలు.

టీవీ మన పల్లెలకి వచ్చిందే నలుగురూ కలిసి చూడ్డానికి. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా సైట్ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒక పెట్టె, దాని ముందు ఒక ఊరు! ఇవాళ ఒక ఇంట్లో ఐదు తెరలు, ఐదుగురూ ఐదు మూలలు. కంప్యూటర్లో దాక్కున్న బొమ్మని హాల్లోకి తెస్తే ఆ మూలలు కాసేపైనా ఖాళీ అవుతాయి.

దారి తెలిసింది కదా అని దొంగ ప్రింట్లు పెట్టుకోకండి. సినిమా మీద బతికే వేలమంది కడుపు కొట్టినట్టు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం హాల్లో సినిమాని దొంగచాటుగా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. మీ ఇంట్లో మీ సొంత బొమ్మలు బోలెడు ఉంటాయి. ముందు వాటిని వెతకండి.

వెతికాక రెండు ప్రతులు చేయండి. ఒకటి కంప్యూటర్లో, ఇంకొకటి వేరే డిస్కులో, వీలైతే వేరే ఊళ్ళో. డిస్కులూ చెడిపోతాయి. మన మొట్టమొదటి తెలుగువారి మూకీ 'భీష్మప్రతిజ్ఞ' 1921లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. ప్రింటు ఉన్న రోజుల్లో దాన్ని దాచుకోవాలని ఎవరికీ తట్టలేదు. మీ అటక మీది క్యాసెట్టుకీ అదే గతి పట్టకూడదు. బూజుకి మన తీరిక కోసం ఆగే అలవాటు లేదు.

అవ్వ ఆపరేషన్ బుధవారం అయింది. నేను ఇది రాసే సమయానికి కట్టు ఇంకా విప్పలేదు. నిన్న ఆస్పత్రి మంచం మీంచి మావాడిని అడిగిందట: "నెట్ వచ్చిందా?" వచ్చిందన్నాడట.

"వస్తే రానీ, పోతే పోనీ. మన బొమ్మకి అది అక్కర్లేదంట కదా!" అందట.

వచ్చే వారం మళ్ళీ స్టూడియో కబుర్లే. అంతవరకూ సెలవు!